మార్కులు సార్ట్ అయ్యాయి, పేర్లు కాలేదు

పోయినేడు మా డిపార్ట్‌మెంట్‌లో పెట్టిన క్విజ్‌కి మార్కులు చూసే పని నాకిచ్చారు. పైథాన్‌లో పది నిమిషాల పని. ఒక లిస్ట్‌లో పేర్లు, ఇంకో లిస్ట్‌లో మార్కులు. మొదటి పేరుకి మొదటి మార్కు, రెండో పేరుకి రెండో మార్కు. మార్కుల్ని పెద్దవాటి నుంచి చిన్నవాటికి సార్ట్ చేసి, పై మూడూ పేర్లతో సహా ప్రింట్ చేశాను. ఎర్రర్ ఒక్కటి కూడా రాలేదు. స్టేజి మీద పేర్లు చదివేశారు.

సార్ట్ అయింది మార్కుల లిస్ట్ ఒక్కటే. పేర్లు ఎక్కడివక్కడే ఉన్నాయి. అంటే బహుమతులు ఎక్కువ మార్కులొచ్చినవాళ్లకి కాదు, అందరికంటే ముందు పేరిచ్చిన ముగ్గురికి వెళ్లాయన్నమాట. రెండో బహుమతి తీసుకున్న ఫస్టియర్ అమ్మాయిది మొవ్వ దగ్గర ఊరు. స్టేజి దిగుతూనే ఇంటికి ఫోన్ చేసి చెప్పేసింది. మర్నాడు నేను వెళ్లి, "నీది ఎనిమిదో ప్లేసమ్మా, తప్పు నాది" అని చెప్పాల్సి వచ్చింది. "పర్లేదన్నా" అంది. నాకు మాత్రం పర్లేదు అనిపించలేదు.

ఇలా రెండు లిస్టులు విడివిడిగా పెట్టుకుని ఇండెక్స్‌తో జత కలపడాన్ని మా సిలబస్‌లో పేరలల్ అర్రేలు అంటారు. నేను జంట అర్రేలు అంటాను. ("అర్రే" అని తెలుగులో రాస్తే ఎవరో ఉలిక్కిపడ్డట్టు ఉంటుంది. నాకింతకంటే మంచి మాట దొరకలేదు.) డిక్షనరీలు, స్ట్రక్చర్‌లు ఉండగా ఇవి ఎందుకు, సిలబస్‌లోంచి తీసేస్తే పోలా అని మా బ్యాచ్‌లో చాలామంది అంటారు. నాకు జరిగింది చూస్తే నేనూ అదే మాట అనాలి. కానీ అనను.

రైల్వే స్టేషన్ కోడ్‌లు తీసుకోండి. ఒక అర్రేలో బీజడ్‌ఏ, జీడీవీ, ఎంటీఎం, ఎన్‌ఎస్. రెండోదాంట్లో అదే వరసలో విజయవాడ, గుడివాడ, మచిలీపట్నం, నరసాపురం. ఎవరో ఎంటీఎం అని కొడితే లూప్ మొదటి అర్రేలో ఒక్కొక్కటీ చూసుకుంటూ పోతుంది. సున్నా నుంచి లెక్క కాబట్టి 2 దగ్గర దొరుకుతుంది. రెండో అర్రేలో అదే 2 దగ్గర మచిలీపట్నం ఉంటుంది. అంతే, ఇందులో ఇంకే మాయా లేదు.

దొరక్కపోతేనే తమాషా. "దొరక్కపోతే మైనస్ ఒకటి రిటర్న్ చెయ్యండి" అని చాలా పుస్తకాల్లో ఉంటుంది. మనం ఆ మైనస్ ఒకటిని చెక్ చెయ్యకుండా నేరుగా రెండో లిస్ట్‌కి ఇచ్చామనుకోండి. పైథాన్‌లో మైనస్ ఒకటి అంటే చివరిది అని అర్థం. కాబట్టి నెల్లూరు వైపున్న గూడూరు కోడ్ జీడీఆర్ కొడితే మన ప్రోగ్రాం ఏ తడబాటూ లేకుండా నరసాపురం అంటుంది! సీ భాషలో అయితే అర్రేకి ముందున్న మెమరీలో ఏ చెత్త ఉంటే అది చదవబోతుంది. ప్రోగ్రాం ఆగిపోతే అదృష్టం.

జిల్లాలూ అంతే. 2022 ఏప్రిల్ 4న మన రాష్ట్రంలో 13 జిల్లాలు 26 అయ్యాయి. జిల్లాల పేర్లు ఒక అర్రేలో, కేంద్రాలు ఇంకోదాంట్లో పెట్టుకున్నవాడి గతి ఆలోచించండి. ఎన్టీఆర్ జిల్లాని కృష్ణా పక్కన ఇరికించి, విజయవాడని మాత్రం రెండో అర్రే చివర పడేస్తే, కృష్ణా తర్వాత వచ్చే ప్రతి జిల్లాకీ కేంద్రం ఒక గడి జరిగిపోతుంది. నరసరావుపేట పల్నాడుది కాకుండా పోతుంది. రెండు అర్రేల పొడవూ సమానంగానే ఉంటుంది కాబట్టి కంప్యూటర్‌కి అనుమానమే రాదు.

నేను చెప్పేది ఇదే. ఫలానా పేరు ఫలానా మార్కుది అన్న సంగతి జంట అర్రేల్లో ఎక్కడా రాసి ఉండదు. అది రాసినవాడి బుర్రలో మాత్రమే ఉంటుంది. దివిసీమలో మా తాతయ్య ధాన్యం లెక్కల పుస్తకంలో తేదీ, పేరు, బస్తాలు, రూపాయలు అన్నీ ఒకే వరసలో ఉంటాయి. పేర్లకో పుస్తకం, బస్తాలకో పుస్తకం పెట్టాలని ఆయనకి ఎన్నడూ తోచలేదు. ఎక్సెల్‌లో ఒక్క కాలమ్ సెలెక్ట్ చేసి సార్ట్ కొడితే "పక్కవి కూడా కలపమంటారా?" అని అదైనా అడుగుతుంది. పైథాన్ అడగదు.

మరి మొదటిరోజే డిక్షనరీ నేర్పేస్తే? మా సెక్షన్‌లో సాయి అన్న పిలుపుకి ఎంతమంది తల తిప్పుతారో లెక్కలేదు. పేరుని కీగా పెట్టి డిక్షనరీలో వేస్తే రెండో సాయి మార్కులు మొదటి సాయి మార్కుల్ని తుడిచేస్తాయి. అక్కడా ఎర్రర్ రాదు. రోల్ నంబర్ కీగా ఉండాలని ఎవరు చెప్తారు? బెజవాడ విజయవాడ అయినా కోడ్ బీజడ్‌ఏగానే ఉంది. రాజమండ్రి 2015లో రాజమహేంద్రవరం అయినా ఆర్‌జేవైని ఎవరూ ముట్టుకోలేదు. కీ అంటే అలా ఉండాలి. జంట అర్రేలతో నాలుగు తిప్పలు పడ్డవాడికి ఈ సంగతి తొందరగా ఎక్కుతుందని నా నమ్మకం.

పైగా ఇవి పాతబడిపోయినవీ కావు. 1957 నాటి ఫోర్‌ట్రాన్‌లో రికార్డులే లేవు. అప్పటివాళ్లు అన్నిటికీ అర్రేలే వాడారు. ఇవాళ డేటా సైన్స్ వాళ్లు మురిసిపోయే పాండాస్ కూడా కాలమ్‌ల పద్ధతిదే. కాకపోతే ఆ కాలమ్‌లన్నిటినీ ఒకే ఇండెక్స్‌తో కట్టి ఉంచుతుంది. టేబుల్‌ని సార్ట్ చేస్తే వరస మొత్తం కలిసే కదులుతుంది.

నా గొడవ మన ల్యాబ్ రికార్డుతో. అందులో ప్రతి ప్రోగ్రాం సరైన ఇన్‌పుట్‌కి సరైన అవుట్‌పుట్ ఇస్తుంది. సంతకం పడుతుంది. ఒక అర్రేని మాత్రమే సార్ట్ చేసి ఏం జరిగిందో రాయండి, లేని కోడ్ వెతికి ఏమొచ్చిందో రాయండి అని ఒక్క ఎక్సర్‌సైజూ ఉండదు. ఉండుంటే నేను ఆ తప్పు నా రికార్డులోనే చేసి ఉండేవాణ్ణి, స్టేజి మీద కాదు.

క్విజ్‌లో నిజంగా రెండోస్థానం వచ్చినతను ఆరోజు అవనిగడ్డ బస్సుకి టైమైందని ముందే వెళ్లిపోయాడట. బహుమతి వారం తర్వాత క్లాసురూములో ఇచ్చాం, చప్పట్లు పెద్దగా పడలేదు. మొవ్వ అమ్మాయి ఈ ఏడాది క్విజ్ కమిటీలో చేరింది. మార్కుల ఫైల్ నాకివ్వమంటే, "వద్దన్నా, నేనే చూస్తాలే" అంది.