నూలులోనికి విద్యుత్తు వచ్చినది: నేతవాని చోటు ఎక్కడ?

మన పిల్లలు ఇప్పుడు మణికట్టుకు కట్టుకొనుచున్న గడియారములు గంట చెప్పి ఊరుకొనుట లేదు. ఎన్ని అడుగులు నడిచినారో లెక్కించును. రాత్రి ఎంతసేపు నిద్రించినారో వ్రాసిపెట్టును. నాడి ఎంత వేగముగా కొట్టుకొనుచున్నదో చూపును. రాయగడ, జయపురం అంగళ్లలో వేయి, రెండు వేల రూపాయలకే ఇవి దొరకుచున్నవి. గడియారము తరువాత ఉంగరము వచ్చినది. ఉంగరము వెనుకనే వస్త్రము వచ్చుచున్నది. ఈ మూడవదానిని గురించి చేనేత కుటుంబములకు కొన్ని మాటలు మనవి చేయదలచినాము. గడియారము మన వృత్తి కాదు. వస్త్రము మన వృత్తి గదా!

గడియారపు రహస్యము పెద్దదేమీ కాదు. అడుగున పచ్చని దీపము వెలుగును. ఆ వెలుగును రక్తము పీల్చుకొనును. గుండె కొట్టినప్పుడెల్ల రక్తము హెచ్చి, తిరిగివచ్చు వెలుగు తగ్గును. ఆ హెచ్చుతగ్గుల లెక్కయే నాడి. గుంటమగ్గములో పొద్దస్తమానము కూర్చుండువారిని లేచి నాలుగడుగులు నడవమని ఇది హెచ్చరించినచో మేలే. అయితే ఇది వైద్యునికి మారు కాదని మరువరాదు.

ఇక వస్త్రము సంగతి. 1997లో అమెరికాలోని ఎమ్.ఐ.టి. పరిశోధకులు గుడ్డతోనే మీటలపలక చేసి చూపినారు. అందుకు వారు వాడిన గుడ్డ ఏది? మన దేశములో నేసిన పట్టు ఆర్గంజా! పడుగు పట్టుదారము, పేక సన్నని లోహపు రేకు చుట్టిన పట్టుదారము. పేక వెంట విద్యుత్తు పారును, పడుగు వెంట పారదు. అట్టి గుడ్డలు రెండింటిని అడ్డముగా ఒకటి, నిలువుగా ఒకటి పరచి, నడుమ వలగుడ్డ నుంచినారు. వ్రేలితో నొక్కినచోట వల కన్నములగుండా రెండును తగులుకొని మీట పనిచేసినది. మన పెద్దలు పెండ్లి చీరెలకు వాడిన జరీ పద్ధతియే ఇది. నమ్మనివారు బొత్తాము సెల్లు ఒకటి, చిన్న ఎల్.ఇ.డి. దీపము ఒకటి తెచ్చి, నడుమ నిజమైన వెండి జరీపోగు రెండంగుళములు తగిలించి చూడవచ్చును.

2015లో గూగుల్ కంపెనీవారు ఇటువంటి నూలునే యంత్రపు మగ్గములపై నేయుటకు పూనుకొని, ఆ పనికి జాకార్డు అని పేరు పెట్టినారు. 1804 నాటి ఫ్రాన్సు దేశపు మగ్గపు పనివాని పేరది. మన మగ్గములమీద అట్టలు త్రిప్పు జాకార్డు పెట్టె ఆయనదే. 2017లో లీవైస్ కంపెనీవారితో కలిసి 350 డాలర్లకు ఒక కోటు అమ్మినారు. చేతిపట్టీని నిమిరినచో జేబులోని ఫోను పాట మార్చును. 2023లో ఆ ఫోను యాప్‌ను ఆపివేసినారు. విద్య పోయినది, కోటు మాత్రము మిగిలినది. యంత్రము ఆయువు ఐదారేండ్లు, మంచి గుడ్డ ఆయువు ఒక తరము. ఇది మనము గుర్తుంచుకొనవలసిన మొదటి పాఠము.

రెండవ పాఠము మన పొరుగుననే ఉన్నది. కోట్‌పాడ్ మిర్గాన్ నేతగాండ్రు ఆల్ చెట్టు వేళ్లతో నూలుకు రంగు పట్టించి, పీత, శంఖము, గొడ్డలి మొదలగు బొమ్మలను అదనపు పేకతో ఎత్తుదురు. బొమ్మ ఎక్కడ కావలెనో అక్కడనే ఆ పోగు పోవును. మిగిలినచోట గుడ్డ మామూలే. విద్యుత్ నూలుకు కావలసిన నేర్పు సరిగా ఇదే. ఖరీదైన లోహపు పోగును గుడ్డ అంతటా పారించుట దండుగ. అవసరమైన నాలుగంగుళములలో నిలుపవలెను. సన్నని పోగు తెగకుండ చేయి తెలిసి లాగవలెను. పది గజములు ఒక తీరు, పది గజములు మరొక తీరు నేయవలెను. ఇందులో మిల్లుకంటె చేతిమగ్గమునకే అనుకూలము ఎక్కువ.

ఇది మిల్లువాండ్ర పని, మనకెందుకని పెద్దలు అడుగుచున్నారు. వారి అనుమానమునకు కారణము లేకపోలేదు. లోహము చెమటకు నల్లబడును, ఉతుకులకు చితుకును. పడుగులోను పేకలోను పైపూత లేని లోహమే ఉన్నచో ఒకదానికొకటి తగిలి పని చెడును. ఉన్న పని వదలి దీని వెంట పరుగెత్తుడని మేమును చెప్పము. అయితే దూరముగా నిలుచుండుట వలన కలుగు నష్టము మేము చూచినాము. నిరుడు ఒక వ్యాపారి మా సంఘమునకు వచ్చి, ఈ గడియారములకు చేనేత పట్టీలు కావలెనన్నాడు. నమూనాలు నేసి ఇచ్చితిమి. మజూరి మాట వచ్చేసరికి, ఇదే బొమ్మను మిల్లు గుడ్డపై అచ్చువేయించుకొందునని చెప్పి, నమూనాలు చంకన పెట్టుకొని పోయినాడు.

కాబట్టి సంఘములకు మా సూచనలు మూడు. ఒకటి: ఒప్పందము వ్రాతలో లేనిదే నమూనా గడప దాటరాదు. కోట్‌పాడ్ వస్త్రమునకు 2005లోను, నియమగిరి డోంగ్రియా కొంధుల కపడాగండా శాలువకు 2024లోను భౌగోళిక గుర్తింపు వచ్చినది. ఆ చట్టము పేరును కాపాడును. మన బొమ్మను మన కాగితమే కాపాడవలెను. రెండు: భువనేశ్వరములోని నేతగాండ్ర సేవాకేంద్రమును, బర్గఢ్‌లోని చేనేత సాంకేతిక సంస్థను విద్యుత్ నూలు కొద్దిగా తెప్పించి, మగ్గముమీదనే నేర్పవలసినదిగా సంఘములన్నియు కలిసి అర్థించవలెను. మూడు: ప్రతి సంఘము ఒక్క మగ్గమును, చదువుకొన్న ఒక్క అమ్మాయినో అబ్బాయినో ఈ ప్రయోగమునకు కేటాయించవలెను. నష్టము వచ్చినను ఒక మగ్గపు నష్టమే.

2019–20 లెక్కలలో దేశమున చేనేత పనివారు 35 లక్షల 22 వేలమంది. అంతకు పదేండ్ల ముందు 43 లక్షలకు పైగా. తగ్గినవారిలో మన ఇరుగుపొరుగువారును ఉన్నారు. మగ్గమునకు భవిష్యత్తు లేదని పిల్లలు వెళ్లిపోవుచున్న ఈ వేళ, వారు ముచ్చటపడు వస్తువే మగ్గముపై పుట్టగలదని చూపుట పెద్దల కర్తవ్యము. పోగు వారిది కావచ్చును. నేత మనది కావలెను.