బంకమట్టిని కరెంటుతో పిండొచ్చు

నల్లరేగడిలో పునాది తవ్వేవాళ్లకు తెలుసు: ఎంత పెద్ద పంపు పెట్టినా ఆ మట్టి నీళ్లు వదలదు. కరెంటుకు మాత్రం బంకమట్టి లొంగుతుంది.

1809లో మాస్కోలో రాయిస్ అనే శాస్త్రవేత్త ఈ సంగతి ప్రకటించాడు. యూ ఆకారపు గాజు గొట్టం అడుగున మట్టి, రెండు కొమ్ముల్లోనూ నీళ్లు. కరెంటు పారించగానే రుణధ్రువం వైపు నీటిమట్టం పైకి లేచింది. రెండోవైపు తగ్గింది.

మట్టిరేణువుల మీద రుణావేశం ఉంటుంది. వాటిని అంటిపెట్టుకున్న నీటిలో ధనాయాన్లు పోగవుతాయి. రుణధ్రువం వాటిని లాగితే, అవి నీటినీ వెంట ఈడ్చుకెళతాయి. రేణువుల మధ్య ఉండే సన్నటి రంధ్రాల్లో జరిగేది ఇదే. రంధ్రం వెడల్పు సగమైతే, ఒత్తిడితో పారే నీటి వేగం నాలుగోవంతుకు పడిపోతుంది; కరెంటుతో పారే వేగం దాదాపు మారదు. ఈ పద్ధతి అసలు బలమంతా ఇక్కడే ఉంది.

1930లలో జర్మనీలో లియో కాసాగ్రాండే అనే ఇంజినీరు దీంతోనే మెత్తటి నేలలను గట్టిపరిచాడు.

నేలలకే కాదు, బురదకూ ఇది పనికిరావచ్చు. మురుగుశుద్ధి కేంద్రాల్లో మిగిలే బురదలో ఎక్కువ భాగం నీళ్లే. లారీల్లో మోసేదీ ఆ నీటినే. అక్కడ ఈ పద్ధతిని మన ఇంజినీరింగ్ కాలేజీలు పరీక్షించాలి, ప్రభుత్వాలు డబ్బివ్వాలి. ఇనుప ధనధ్రువాలు తుప్పుపడతాయి, ఉప్పు ఎక్కువైతే కరెంటు వృథా అవుతుంది. ఆ లెక్కలు మన బురద మీదే తేలాలి.