ముగ్గురాయి ఊళ్లో పాట పట్టడం

పాట వినే అలవాటు మనలో చాలామందికి వుంది. పాడే ధైర్యం కొందరికే వుంది. పాటను పట్టి దాచుకునే సరదా మాత్రం బహు కొద్దిమందిది. ఈ మూడో జాతిలో నేను ఈమధ్యనే చేరాను. గాయకుణ్ణి కాను, ఇంజనీరును అంతకన్నా కాను. మా పెద్దమ్మ పాడే విసుర్రాయి పాటలూ, గొబ్బి పాటలూ ఆవిడతోనే వెళ్లిపోతాయేమోనన్న భయం వొకటి నన్ను పట్టుకుంది. ఆవిడకు ఎనభై దాటాయి. ఆ పాటలు కూతుళ్లకు రావు. మనవరాళ్లకు అసలే రావు.

ఈ భయానికి మా సీమలో పాత సాక్ష్యం వుంది. మా మంగంపేటకు ఎంతో దూరం లేని తాళ్లపాకలో పుట్టిన అన్నమయ్య (1408-1503) పాటలు రాగిరేకుల మీద చెక్కివుండడంవల్ల మనకు దక్కాయి. మాట మిగిలింది, రాగం పేరూ మిగిలింది. ఆయన పాడిన వరస మాత్రం రేకు మీదికి ఎక్కలేదు. 20వ శతాబ్దంలో రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారివంటి పెద్దలు వాటికి కొత్తగా స్వరాలు కూర్చవలసివచ్చింది. గొంతును దాచి తిరిగి వినిపించే యంత్రం 1877లో ఎడిసన్ చేతిలోగాని పుట్టలేదు. ఈనాడు అంతకు మించిన యంత్రం మన జేబుల్లోనే తిరుగుతోంది.

కాబట్టి మొదలుపెట్టేవారు మైకుల దుకాణానికి పరుగెత్తనక్కరలేదు. వున్న ఫోను చాలు. అసలు చిక్కు గదితో. గది మధ్య నిలబడి వొక్క చప్పట చరిచి చూడండి. ఖంగుమని మోగిందా, పాటా అలాగే మోగుతుంది. శబ్దం సెకనులో నూరోవంతులో సుమారు 11 అడుగులు పోతుంది. వుత్త గోడకు తగిలి తిరిగివచ్చి, అసలు గొంతు మీద పడి దాన్ని అలికేస్తుంది. దీనికి మందు ఇంట్లోనే వుంది. పాడేవారి వెనకా పక్కలా బొంతలో, దుప్పట్లో వేలాడదీస్తే సగం రోగం కుదురుతుంది.

అయితే బొంత లోపలి మోతను అణుస్తుందేగాని బయటి రొదను ఆపదు. రొదను ఆపేది బరువు. ఇక్కడే మా ఊరి తమాషా వుంది. మా ముగ్గురాయి, అంటే బెరైటీసు, నీటికన్న నాలుగు రెట్లకు పైగా బరువు. చమురు బావులు తవ్వేచోట దీని పొడిని బురదలో కలుపుతారు. శబ్దం దూరకుండా గోడలకు కొట్టే బరువైన వినైల్ షీట్లలోనూ ఈ జాతి పొడినే, బేరియం సల్ఫేటునే, కలుపుతుంటారు. ఎక్కడో ఎవరి గదికో నిశ్శబ్దం పంచే రాయి, తను పుట్టిన వూరికి మిల్లుల హోరూ లారీల రొదా మిగిల్చిందన్నమాట! అందుచేత నాకు దొరికిన దారి వొక్కటే. ఊరు సద్దుమణిగాక, తలుపులు మూసి, ఫాను ఆపి, ఫ్రిజ్జు కూడా కాసేపు ఆపి కూర్చోవడం.

ఇక కొలతలు. ఫోను పాడేవారి నోటికి జానెడున్నర దూరంలో, కాస్త పక్కకు వుండాలి. సూటిగా ఎదురుగా పెడితే ‘ప’, ‘బ’ వచ్చినప్పుడల్లా గాలి తగిలి టప్పుమంటుంది. దూరం రెట్టింపయితే గొంతు సుమారు 6 డెసిబెల్స్ తగ్గుతుంది. గది మోత మాత్రం అలాగే వుంటుంది. ముందుగా అన్నిటికన్న గట్టిగా పాడే చరణం పాడించి, మీటరు సున్నాకు 12 డెసిబెల్స్ కిందనే ఆగేటట్టు సరిచూసుకోవాలి. చిన్నగా వచ్చిన గొంతును తరవాత పెంచుకోవచ్చు. సున్నాకు కొట్టుకుని పగిలిన గొంతును అతకడం కష్టం. దాచేటప్పుడు వేవ్ ఫైలుగానే దాచాలి. సెకనుకు 44,100 కొలతలు, 16 బిట్లు, వొకే చానెలు అయితే నిమిషానికి 5 మెగాబైట్ల పైచిలుకు పడుతుంది. ఎంపీ3 చేస్తే చోటు కలిసివస్తుంది గాని శబ్దంలో కొంత పోతుంది. కోతలకూ అతుకులకూ ఉచితంగా దొరికే ఆడాసిటీ చాలు.

పెద్దమ్మ మొదట వొప్పుకోలేదు. “యాల నాయనా, నా గొంతులో ఏముండాది?” అంది. నేను బలవంతపెట్టలేదు. వారం పోయాక తనే అడిగింది: “నేను పొయ్యినంక గూడా ఇది పాడతాదా?”

పాడుతుందన్నాను. ఆ రాత్రి నాలుగు పాటలు పాడింది. మూడోపాటలో చరణం వొకటి తోచక ఆగి, పెదవులు కదుపుకుని, మళ్లీ అందుకుంది. ఆ ఆగడాన్ని నేను కోసెయ్యలేదు. వీధిలో కుక్క మొరిగింది, అదీ వుంది.

చివరగా వొక మాట. పాడేవారి అనుమతి అడగండి. పాటకు ముందు వారిచేతనే పేరూ, ఊరూ, తేదీ, ఆ పాట ఎవరిదగ్గర నేర్చుకున్నదీ చెప్పించండి. ప్రతి రెండు చోట్ల దాచండి. మీ ఇంట్లోనూ పాడే పెద్దలు వుండేవుంటారు. మంచి మైకు కొన్నాక చూద్దామనుకోకండి. మైకు రేపయినా దొరుకుతుంది.