సంతకం ఒకరిది, పని ఒకరిది

గోడ వంకర పోతే కంటికి తెలుస్తుంది. తలుపు సరిగా పట్టకపోతే చేతికి తెలుస్తుంది. గోడలో దాగిన కరెంటు తీగ మాత్రం కంటికీ కనపడదు, చేతికీ అందదు. దాని మంచి చెడ్డలకు ఇంటి యజమాని నమ్ముకోవలసింది ఒక్క సంతకాన్నే. అది లైసెన్సు పొందిన విద్యుత్ కాంట్రాక్టరు సంతకం. ఆ సంతకం విలువ కాపాడవలసిన బాధ్యత ఎవరిది? ప్రభుత్వానిదేనా? ఆ వృత్తిలో ఉన్నవారికీ, వారి సంఘాలకూ ఏమీ పట్టదా?

మారేడ్‌పల్లి వీధులే ఇందుకు మంచి ఉదాహరణ. పెద్ద ఆవరణలు, వేపచెట్లు, వరండాలతో ఉండే పాత ఇళ్లు ఇక్కడ ఒకటొకటిగా నేలమట్టమై అపార్టుమెంట్లు లేస్తున్నాయి. మిగిలిన పాత ఇళ్లలో కొన్నింటికి చెక్క బద్దీల మీద వేసిన వైరింగే ఇంకా దిక్కు. నాలుగు బల్బులు, రెండు ఫ్యాన్లు, ఒక రేడియో కోసం వేసిన తీగలవి. నేడు ఒక గీజరు, ఒక ఏసీ, ఒక ఇండక్షన్ పొయ్యి కలిసి నడిస్తే దాదాపు 24 ఆంపియర్ల కరెంటు లాగుతాయి. సన్నని పాత తీగ ఆ బరువు మోయలేక వేడెక్కుతుంది. పైన తొడుగు ఎండి పగులుతుంది. ఫ్యూజు పోతోందని దాని స్థానంలో లావుపాటి తీగ చుట్టేస్తే, ఆపదను ఆపవలసిన కాపలాదారుణ్ణి మనమే ఇంటికి పంపినట్టు!

పోనీ, కొత్త భవనాల్లో పని సవ్యంగా సాగుతోందా అంటే ఆ నమ్మకమూ లేదు. గోడలకు గాళ్లు కొట్టి పైపులు బిగిస్తున్న ఓ పద్దెనిమిదేళ్ల కుర్రవాణ్ని 'లైసెన్సు ఎవరిది తమ్ముడూ?' అని అడిగితే, 'మా మేస్త్రీకి తెలుసన్నా' అన్నాడు. మేస్త్రీని అడిగితే 'పేపర్లన్నీ బిల్డరు సారు చూసుకుంటారు' అన్నాడు. లైసెన్సుదారు ఆ మెట్లు ఎక్కిన జాడే లేదు. పల్లె నుంచి పొట్ట చేతపట్టుకుని వచ్చిన ఆ కుర్రవాడి చేతుల్లో రబ్బరు తొడుగులూ లేవు, జేబులో వైర్‌మన్ పర్మిటూ లేదు.

చట్టం ఏమంటున్నదో చూద్దాం. 1956 నాటి భారత విద్యుత్ నిబంధనల్లో 45వ నియమం విషయాన్ని తేటతెల్లంగా చెప్పింది. బల్బు, ఫ్యాను, ఫ్యూజు, స్విచ్చి మార్చుకోవడం వంటి చిన్న పనులు తప్ప, వైరింగు పని ఏదైనా లైసెన్సు ఉన్న కాంట్రాక్టరే చేపట్టాలి. అర్హతా పత్రం ఉన్న సూపర్‌వైజరు దగ్గరుండి చూడాలి. ఆ నిబంధనల స్థానంలో 2010లోనూ, తిరిగి 2023లోనూ కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ కొత్త భద్రతా నిబంధనలు తెచ్చింది. ఈ మూల సూత్రం మాత్రం మారలేదు. పని పూర్తయ్యాక 500 వోల్టుల మెగ్గరుతో ఒక నిమిషం పాటు పరీక్షిస్తే ఇన్సులేషన్ నిరోధం కనీసం ఒక మెగోమ్ ఉండాలన్నది ఏనాటి నుంచో ఉన్న లెక్క. ఎర్తింగుకు భారతీయ ప్రమాణం 3043, ఇళ్ల వైరింగుకు ప్రమాణం 732 ఉండనే ఉన్నాయి.

కాగితం మీద ఇన్ని ఉన్నా, లైసెన్సు అద్దెకు దొరికితే అవన్నీ దండగ. ఒకరు పేరు ఇస్తారు, ఇంకొకరు పని చేస్తారు, మెగ్గరు పెట్టెలోంచి బయటికి రాకుండానే నివేదికలో అంకెలు పడతాయి. పాయింటుకు ఇంత అని బేరమాడుకున్న పనిలో మొదట ఎగిరిపోయేది ఎర్తు తీగే. మూడు రంధ్రాల సాకెట్టు బిగించి పైరంధ్రానికి తీగ ఇవ్వకపోయినా దీపం వెలుగుతుంది, ఫ్రిజ్ నడుస్తుంది. లోపం బయటపడేది ఒక ఇల్లాలు తడిచేత్తో ఆ ఫ్రిజ్ తలుపు పట్టుకున్న రోజునే.

2023 మార్చి 16న సికింద్రాబాద్ స్వప్నలోక్ కాంప్లెక్స్‌లో మంటలు లేచి పొగకు ఊపిరాడక ఆరుగురు యువతీ యువకులు మరణించారు. వారిలో ఎక్కువమంది ఉద్యోగం కోసం వరంగల్, ఖమ్మం ప్రాంతాల నుంచి వచ్చిన పల్లె పిల్లలు. షార్టు సర్క్యూటే కారణమని మొదట భావించారు. అక్కడ తప్పెవరిదో ఇక్కడ తీర్పు చెప్పడం మా ఉద్దేశం కాదు. కానీ ప్రతి ప్రమాదానికీ 'షార్టు సర్క్యూట్' అని ఒక ముక్క రాసి చేతులు దులుపుకోవడం మాబోటి విలేకరులకూ అలవాటైపోయింది. షార్టు సర్క్యూటు ఆకాశం నుంచి ఊడిపడదు. చాలని తీగ, వదులు జాయింటు, లేని ఎర్తు దాని తల్లిదండ్రులు. దేశంలో ఏటా పది వేల మందికి పైగా విద్యుదాఘాతంతో ప్రాణాలు కోల్పోతున్నారంటే ఇది చిన్న విషయమా?

కాంట్రాక్టర్ల బాధలు మనకు తెలియనివి కావు. రాగి ధర పెరుగుతుంది, ఒప్పుకున్న రేటు పెరగదు. ప్రభుత్వ పనుల బిల్లులు నెలల తరబడి నానుతాయి. తక్కువ ధర టెండరుకే పని పోతుంది. వీటిపై సంఘాలు గొంతెత్తడం న్యాయమే. అయితే సంఘమంటే బిల్లుల కోసం వినతిపత్రాలు, కొత్త సంవత్సరం డైరీలు, సన్మానాలు మాత్రమే కారాదు. నిజాయితీగా పనిచేసే కాంట్రాక్టరు కడుపు కొడుతున్నది ప్రభుత్వం కంటే ముందు లైసెన్సు అద్దెకిచ్చే తోటి కాంట్రాక్టరే. ఎర్తు తీగ ఎగ్గొట్టినవాడితో ఎర్తు తీగ వేసినవాడు ధరలో పోటీ పడగలడా?

ఇంగ్లండులో విద్యుత్ కాంట్రాక్టర్ల సంఘం 1901లోనే ఏర్పడింది. సభ్యత్వం ఇచ్చే ముందు పనితనం పరీక్షించడం, సభ్యుల పనికి సంఘమే పూచీ పడడం అక్కడి పద్ధతి. మనకు పొరుగున మహారాష్ట్రలో కాంట్రాక్టర్ల సంఘం 1925 నుంచి ఉంది. జంటనగరాల సంఘాలు తలచుకుంటే చేయలేనిది లేదు.

ముందుగా, లైసెన్సు అద్దెకిచ్చినట్టు రుజువైన సభ్యుణ్ని తొలగించి, విద్యుత్ లైసెన్సింగ్ బోర్డుకు సంఘమే రాయాలి. పని జరిగే ప్రతి భవనం ముందు కాంట్రాక్టరు పేరు, లైసెన్సు నంబరు, సూపర్‌వైజరు పేరుతో బోర్డు పెట్టించాలి. మెగ్గరు, ఎర్తు టెస్టరు కొనలేని చిన్న కాంట్రాక్టర్లకు సంఘమే అద్దెకు ఇవ్వాలి. నెలకొక ఆదివారం మారేడ్‌పల్లి వంటి పాత పేటల్లో ఇళ్ల వైరింగు పరీక్షించి లోపాలు చెప్పాలి. 30 మిల్లీ ఆంపియర్ల లీకేజీకే సరఫరా తెంచే ఆర్‌సీసీబీ గురించి గృహిణులకు వివరించాలి. పల్లెల నుంచి వచ్చిన కుర్రవాళ్లకు శిక్షణ ఇప్పించి పర్మిటు పరీక్ష రాయించాలి, బీమా చేయించాలి.

ఇంటి యజమానులూ ఆత్మవిమర్శ చేసుకోవాలి. పాలరాతి పలకకు వేలు పోసి, తీగ దగ్గర రూపాయికి గీచి గీచి బేరమాడే బుద్ధి మనదే. 'మీ లైసెన్సు చూపండి, మా ఎదుటే మెగ్గరు పెట్టండి' అని అడగడం తప్పు కాదు, హక్కు. తనిఖీ విభాగం కూడా ప్రమాదం జరిగాక వచ్చి పంచనామా రాయడంతో సరిపెట్టక, పని సాగుతుండగానే ఒకసారి తొంగిచూడాలి.

లైసెన్సు కాగితం గోడకు తగిలించుకునే పటం కాదు. అది ఇంటిల్లిపాదికీ ఇచ్చిన మాట. ఆ మాటను అద్దెకిచ్చేవారిని తమలోంచి ఏరివేసిన నాడే కాంట్రాక్టర్ల సంఘం గొంతుకు బలం వస్తుంది. అప్పుడు వారి బిల్లుల కోసం ప్రజలూ వారితో కలిసి అడుగుతారు. సంఘాల పెద్దలు ఇకనైనా యోచింతురుగాక!