తొమ్మిది మానా పెద్దాయన

ద ఊర్-డ్రాగన్ అని ఒక కార్డుంది. 2017లో వచ్చింది. దించాలంటే ఐదు రంగులూ కావాలి, మొత్తం తొమ్మిది మానా పొయ్యాలి. దిగిందంటే పదికి పది, పైగా ఎగురుతుంది. మేం దాన్ని పెద్దాయన అంటాం. ఇవాళ ముచ్చట ఈ పెద్దాయన గురించే. ఎందుకంటారా? ఇంత బలమున్న కార్డు పెట్టుకుని కూడా ఇంత తరచుగా ఓడిపోయేవాళ్ళని నేను ఇంకెక్కడా చూడలేదు. అందులో ఏదో కిటుకుండాలి కదా.

కార్డులాటంటే పేకాటే అనుకునేవాళ్ళకి ముందు కాస్త చెప్పాలి. మ్యాజిక్ ద గ్యాదరింగ్ అనే ఈ ఆట 1993లో అమెరికాలో వచ్చింది. కనిపెట్టినాయన రిచర్డ్ గార్ఫీల్డ్, లెక్కల్లో డాక్టరేట్ చేసిన మనిషి. ఎవరి కార్డులు వాళ్ళు కొనుక్కుని, ఒకళ్ళతో ఒకళ్ళు మార్చుకుని, ఎవరి డెక్ వాళ్ళు కట్టుకొస్తారు. ల్యాండ్ కార్డులుంటాయి, వంతుకొకటి పెడతాం, వాటినుంచి ఐదు రంగుల్లో మానా వస్తుంది. ఆ మానా ఖర్చుపెట్టి జీవుల్ని దించుతాం, మంత్రాలు వేస్తాం. ప్రతి జీవికీ రెండంకెలుంటాయి: ఎంత కొడుతుంది, ఎంత దెబ్బ తగిలితే పోతుంది. మామూలుగా ఇద్దరాడతారు, చెరో ఇరవై ప్రాణాలు, ఎదుటివాడివి సున్నా చేసినవాడు గెలిచినట్టు. మిగతా నియమాలన్నీ చెప్పుకుంటూ పోతే ఎడిటరు గారు ఈ సంచిక మొత్తం నాకే ఇవ్వాలి.

అయితే మా పెద్దాయన ఉండేది ఇద్దరాటలో కాదు, కమాండర్ అనే పద్ధతిలో. నలుగురు కూర్చుంటారు. ఒక్కొక్కరికి నలభై ప్రాణాలు. డెక్ సరిగ్గా వంద కార్డులు, మామూలు ల్యాండ్లు తప్ప ఏదీ రెండోసారి ఉండకూడదు. ఆ వందలో ఒకటి లెజెండరీ క్రీచర్, అంటే కథలో పేరూ ఊరూ ఉన్న జీవి. దాన్ని డెక్‌లో కలపరు, పక్కన అందరికీ కనపడేలా పెడతారు. అదే కమాండర్. ఎప్పుడు కావాలంటే అప్పుడు మానా కట్టి దించుకోవచ్చు. చచ్చిందా, మళ్ళీ పక్కకొచ్చి కూర్చుంటుంది. రెండోసారి దించాలంటే రెండు మానా ఎక్కువ, మూడోసారి నాలుగు ఎక్కువ. పెద్దాయన సంగతికొస్తే తొమ్మిది, పదకొండు, పదమూడు. ఒకసారి పోతే బాధ, రెండుసార్లు పోతే ఆ ఆటకి ఆయన్ని మర్చిపోవడమే మంచిది.

ఈ పద్ధతి పుట్టిందే డ్రాగన్లవల్ల. 1994లో లెజెండ్స్ అనే సెట్ వచ్చింది. లెజెండరీ జీవులు మొదలైంది దాంతోనే. అందులో ఐదు ఎల్డర్ డ్రాగన్లున్నాయి: నికోల్ బోలాస్, ఆర్కేడ్స్ సాబత్, క్రోమియం, పల్లాడియా-మోర్స్, వేవిక్టిస్ అస్మాది. ఒక్కోటి ఎనిమిది మానా, ఏడుకి ఏడు. దించాక కూడా వంతువంతుకీ మూడు రంగుల మానా మేత పెట్టాలి, పెట్టకపోతే పోతుంది. ఇద్దరాటలో అంత ఖరీదైనదాన్ని పోషించేదెవరు? అలాస్కాలో ఆడమ్ స్టేలీ అనే ఆయనా, ఆయన స్నేహితులూ 1990ల్లో ఈ ఐదింటికోసం ఒక తీరికాట తయారుచేసుకున్నారు. మనిషికో డ్రాగన్, అదే సేనాని. ఎల్డర్ డ్రాగన్ హైలాండర్ అని పేరు పెట్టుకున్నారు. ఒకే కమాండర్ చేతిలో ఇరవై ఒక్క దెబ్బ తింటే, ప్రాణాలెన్ని మిగిలినా అవుటే అని ఇప్పటికీ ఒక నియమముంది. ఆ అంకె ఎక్కణ్ణుంచొచ్చిందో ఊహించక్కర్లేదు: ఏడు చొప్పున మూడు దెబ్బలు.

షెల్డన్ మెనెరీ అనే పోటీల జడ్జి ఈ తీరికాటని తోటి జడ్జిల మధ్య తిప్పి తిప్పి ప్రపంచమంతా అంటించాడు. పోటీలకి తీర్పులు చెప్పి చెప్పి అలిసిపోయినవాళ్ళు రాత్రిపూట కూర్చుని ఆడుకునే ఆటగా పాకింది. 2011లో ఆట తయారుచేసే విజార్డ్స్ ఆఫ్ ద కోస్ట్ కంపెనీవాళ్ళే కమాండర్ పేరుతో డెక్‌లు కట్టి అమ్మడం మొదలుపెట్టారు. ఆరేళ్ళ తర్వాత అలాంటి డెక్‌లోనే మా పెద్దాయన దిగాడు. కథ ప్రకారం ఆ ఐదుగురూ ఈయన బిడ్డలే. అంటే పిల్లలు పుట్టించిన ఆటలోకి తండ్రి ఇరవయ్యేళ్ళు దాటాక వచ్చాడన్నమాట.

ఇక అసలు విషయం. పెద్దాయన బలమేమిటి? పదికి పది అని అందరూ ఆ మూలనున్న అంకెలే చూస్తారు. నన్నడిగితే ఆ అంకెలు ఉత్త ఆర్భాటం. ఎదురుగా ముగ్గురున్నారు, ముగ్గురికీ కలిపి నూట ఇరవై ప్రాణాలు. పది పది చొప్పున ఎప్పటికి తరుగుతాయి? కమాండర్ దెబ్బ లెక్కన చూద్దామా అంటే రెండు దెబ్బలకి ఇరవై. కావాల్సింది ఇరవై ఒకటి! ఆ ఒక్కటీ తక్కువ పెట్టినవాడెవడో గానీ వాడికి మంచి హాస్యం తెలుసు.

బలం కింద రాసిన రెండు వాక్యాల్లో ఉంది. ఒకటి, ఆయన పక్కన ఊరికే కూర్చున్నా సరే, దిగకపోయినా సరే, మీరు దించే ప్రతి వేరే డ్రాగన్‌కీ ఒక మానా తగ్గుతుంది. రెండు, ఆయన బల్లమీదకి దిగాక మీ డ్రాగన్లు ఎన్ని దాడికెళితే అన్ని కార్డులు తీసుకోవచ్చు, ఆపైన చేతిలోంచి ఒక కార్డుని ఉచితంగా కింద పెట్టొచ్చు. జీవో, ల్యాండో, ఏదైనా సరే, వేశాక బల్లమీద నిలిచే రకం కావాలి, అంతే. మూడు డ్రాగన్లు వెళ్ళాయనుకోండి, మూడు కార్డులు చేతికొస్తాయి, ఎనిమిది మానా పోసి దించాల్సిన ఉత్వారా హెల్‌కైట్ పైసా ఖర్చులేకుండా దిగుతుంది. ఇంకో వంతు అలాగే గడిస్తే ఆట అయిపోయినట్టే.

మరి ఇంతటివాడు ఎందుకు ఓడిపోతాడు?

మా అన్నయ్య కొడుకు డాలస్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. వాడూ వాడి స్నేహితులూ శనివారం రాత్రి వెబ్‌క్యామ్‌లు కార్డుల మీదకి వంచిపెట్టి ఆడుతుంటారు. మనకప్పటికి ఆదివారం పొద్దున, నేనూ కాఫీ గ్లాసుతో చేరతాను. వాడు నాకు చెప్పిన మొదటి మాట ఇది: "బాబాయ్, నువ్వు పెద్దాయన్ని పక్కన పెట్టగానే ముగ్గురం నీవైపే చూస్తాం. నువ్వింకా ల్యాండ్ కూడా పెట్టలేదు."

అదీ సంగతి. వినాయక చవితికి చందా కుర్రాళ్ళు ముందు ఎవరింటికొస్తారు? వాకిట్లో కొత్త కారున్నవాడింటికి. వాడు ఈఎంఐ కట్టలేక చస్తున్నాడని ఎవరికి తెలుసు? నలుగురాటలో బలంకన్నా ముందు కంటబడేది బలముందన్న పేరు. ఇద్దరాటలో మీ బలం ఎదుటివాడికి మాత్రమే భయం. ఇక్కడ ఆ భయమే మిగతా ముగ్గురినీ స్నేహితుల్ని చేస్తుంది. అప్పటిదాకా ఒకళ్ళనొకళ్ళు పీక్కుతింటున్నవాళ్ళు "ముందు ఈయన సంగతి చూద్దాం" అని మర్యాదగా మాట్లాడుకోవడం మొదలెడతారు.

చూడ్డమెంతసేపు? స్వోర్డ్స్ టు ప్లౌషేర్స్ అని ఆట పుట్టిన ఏడాదినుంచీ ఉన్న కార్డొకటుంది. ఒక్క తెల్ల మానా. ఏ జీవినైనా ఆటలోంచే తప్పిస్తుంది, దాని బలమెంతో అన్ని ప్రాణాలు యజమానికిస్తుంది. మీరు తొమ్మిది పోశారు, వాడు ఒకటి పోశాడు, మీకు పది ప్రాణాలు ఓదార్పు. అదీ లేకపోతే కౌంటర్‌స్పెల్, రెండు నీలం మానా, ఆయన అసలు దిగనే దిగడు. దిగకపోయినా దించడానికి ప్రయత్నించారు కాబట్టి తర్వాతిసారికి పదకొండు కట్టాల్సిందే.

ఇంకో లెక్క చాలామందికి తట్టదు. జీవి దిగిన వంతులో దాడికి వెళ్ళకూడదు, మీ వంతు మళ్ళీ వచ్చేదాకా ఆగాలి. ఇద్దరాటలో అంటే మధ్యలో ఒక్కడి వంతు. ఇక్కడ ముగ్గురి వంతులు! ముగ్గురికీ తలో కొత్త కార్డు, ముగ్గురికీ నిండా మానా. అంత పెద్దజీవి బల్లమీద బోసిగా నిలబడి ముగ్గురు పగవాళ్ళ వంతులు దాటాలి. అందుకే ఈ ఆటలో ఎంత పెద్దది అని కాదు, దిగిన వంతులోనే ఏం పని చేస్తుంది అని అడగాలి.

అక్కడే పెద్దాయన తెలివైనవాడు. దాడికెళ్ళాల్సింది ఆయనే కానక్కర్లేదు, మీ డ్రాగన్లు ఏవి వెళ్ళినా చాలు. కాబట్టి తెలిసినవాళ్ళు ఏం చేస్తారంటే, ఆయన్ని కదపరు. ముందు ఫార్‌సీక్, కల్టివేట్ లాంటి ఆకుపచ్చ కార్డులతో ల్యాండ్లు పెంచుకుంటారు. ఆయనిచ్చే రాయితీమీద ఒకటో రెండో మోస్తరు డ్రాగన్లని దించుతారు, మరీ భయపెట్టేవి కాకుండా. "నాదేముందిలే, ఇద్దరు కుర్ర డ్రాగన్లు" అని నవ్వుతుంటారు. ఒకరోజు అందరి మానా అయిపోయిందని చూసుకుని, దాడికి ముందు పెద్దాయన్ని దించి, పక్కనున్నవాళ్ళని పంపిస్తారు. కార్డులొచ్చాయి, ఉచితంగా ఒకటి దిగింది, ఇప్పుడాయన్ని చంపినా ఆయన పని అయిపోయింది. ఆయనే వెంటనే వెళ్ళాలంటే రెండు మానాల డ్రాగన్ టెంపెస్ట్ ఉంది, ఎగిరేవి దిగిన వంతులోనే దాడికెళ్ళొచ్చు. లేదా లైట్నింగ్ గ్రీవ్స్ తొడగాలి, అప్పుడు ఎవడూ ఆయనమీద గురిపెట్టి మంత్రం వెయ్యలేడు కూడా.

ఇక బేరాలు. నలుగురాటలో సగం ఆట నోటితోనే. "ఈ వంతు నా మీదకి రాకు, వచ్చే వంతు నీ జోలికి నేను రాను." మాట తప్పితే నియమాల్లో శిక్షేమీ లేదు, వచ్చే ఆదివారం ఎవరూ నమ్మరు, అంతే. మా వాడైతే తన డ్రాగన్ చచ్చిపోబోతుంటే బేరానికి దిగడు, అది బలంగా ఉన్నప్పుడే దిగుతాడు. "నీ ఎదురుగా ఉన్నవాడి దగ్గర ఇంకో రెండు వంతుల్లో ఏమొస్తుందో చూడు బాబాయ్, అది ఆపగలిగేది నా దగ్గరొక్కటే ఉంది" అంటాడు. నిజమో అబద్ధమో వాడికే తెలియాలి. పిల్లాడు సాఫ్ట్‌వేర్లో ఎందుకున్నాడో, రాజకీయాల్లో ఉండాల్సినవాడు.

అన్నట్టు, బలమున్న ప్రతిదాన్నీ ఆడనిస్తారనుకోకండి. గ్రిసెల్‌బ్రాండ్ అనే దయ్యముంది, ఏడు ప్రాణాలిస్తే ఏడు కార్డులిస్తుంది. ఇరవై ప్రాణాల ఆటలో అది జూదం. నలభై ప్రాణాల ఆటలో ముప్ఫై అయిదు కార్డులు తీసి ఇంకా ఐదు ప్రాణాలతో నవ్వుతూ కూర్చోవచ్చు. 2012లో దాన్ని నిషేధించారు. పదిహేనుకి పదిహేనున్న ఎమ్రాకుల్ అనే జీవిని అంతకుముందే, 2010లో తీసేశారు. మా పెద్దాయన జోలికి ఎవరూ రాలేదు. ఎందుకొస్తారు, ఆయన్ని ఆపడానికి ఆ ముగ్గురూ చాలు కదా.

నిషేధాలంటే గుర్తొచ్చింది. ఈ నియమాలు చాలా ఏళ్ళు కంపెనీ చేతిలో లేవు, మెనెరీ వాళ్ళ కమిటీ స్వచ్ఛందంగా చూసుకునేది. ఆయన 2023లో పోయాడు. మరుసటి ఏడు సెప్టెంబరులో కమిటీ నాలుగు కార్డుల్ని నిషేధించింది, అందులో కొన్ని చాలా ఖరీదైనవి. కమిటీవాళ్ళకి బెదిరింపులొచ్చాయి! బొమ్మకార్డులకోసం మనుషుల్ని బెదిరించడమేమిటో. విసిగిపోయి వారం తిరిగేసరికి బాధ్యతంతా విజార్డ్స్ చేతిలో పెట్టేశారు. 2025లో వాళ్ళు డెక్ బలాన్ని ఐదు మెట్లుగా విడగొట్టారు. అంతకుముందు పదికి ఎంత అని అడుక్కునేవాళ్ళం, ఎవణ్ణడిగినా ఏడనే చెప్పేవాడు. ఇప్పుడు ఎవణ్ణడిగినా మూడంటున్నాడు.

మన పేర్లున్న లెజెండ్లు కావాలంటే అవీ ఉన్నాయి. 2016లో మన దేశపు ఛాయలతో కలదేశ్ అని ఒక లోకాన్ని తయారుచేశారు, తర్వాత దాని పేరు అవిష్కార్ అని మార్చారు. అందులో రష్మి అని ఒకావిడుంది, డ్రాగన్ కాదు, ఎవరూ భయపడరు. భయపడకపోవడమే ఆవిడ బలం. నా తర్వాతి డెక్ ఆవిడదే కావచ్చు.

చివరిగా, పెద్దాయన్ని ఎదుర్కోవాల్సి వచ్చినవాళ్ళకి ఒక మాట. ఉన్న ఒక్క స్వోర్డ్స్‌నీ తొందరపడి ఆయనమీద పారేసుకోకండి. తప్పించినా ఆయన పక్కకెళ్ళి కూర్చుని డ్రాగన్లకి రాయితీ ఇస్తూనే ఉంటాడు. ఆయన చుట్టూ ఉన్న కుర్ర డ్రాగన్లని తీసెయ్యండి. ఒంటరిగా దాడికొచ్చే పెద్దాయన వంతుకి ఒక్క కార్డే తీస్తాడు.