జెండా పాట రేటు చూసి సెక్టార్ ఫండ్ కొనకండి

మాది వరంగల్ దగ్గర ఒక ఊరు. ఎనుమాముల మార్కెట్ చూసినవాళ్ళకి జెండా పాట అంటే చెప్పక్కర్లేదు. చూడనివాళ్ళ కోసం చెప్తున్నా. మిర్చి సీజన్లో పొద్దున్నే అధికారులు, వ్యాపారులు, అడ్తిదారులు ఒక మంచి సరుకు దగ్గర నిలబడి పాట పాడతారు. ఆ రోజుకి అదే పెద్ద రేటు, మర్నాడు పేపర్లో వచ్చేదీ అదే. అది చూసి బస్తాలు వేసుకొచ్చిన రైతుకి మాత్రం తేమ అనీ, తాలు అనీ, రంగు లేదనీ కాంటా దగ్గర ఇంకో రేటు పడుతుంది.

ఆఫీసులో మనవాళ్ళు సెక్టార్ ఫండ్ కొనే తీరు చూస్తే నాకు ఇదే గుర్తొస్తుంది. "డిఫెన్స్ ఫండ్ పోయినేడు ఎంతిచ్చిందో చూశావా?" అని లంచ్‌లో ఒకడంటాడు, సాయంత్రానికి నలుగురు కొనేస్తారు. ఆ పోయినేడు రిటర్న్ జెండా పాట. మనకి దక్కేది కాంటా రేటు. 2024 జూన్ ఒక్క నెలలో సెక్టార్, థీమ్ ఫండ్లలోకి 22 వేల కోట్లకు పైగా వచ్చి పడ్డాయి. సెప్టెంబర్ చివర్లో నిఫ్టీ పీక్ కొట్టింది, అక్కణ్ణుంచి 2025 మార్చి మొదటి వారం దాకా మొత్తమ్మీద జారుడే.

వెక్కిరించే హక్కు నాకూ లేదు లెండి. 2007 డిసెంబర్లో బోనస్ డబ్బులన్నీ తీసుకెళ్ళి ఒక ఇన్‌ఫ్రా ఫండ్‌లో పెట్టాను. ఆ తర్వాతి నెల, అంటే 2008 జనవరిలో నిఫ్టీ ఇన్‌ఫ్రా సూచీ చేరిన ఎత్తుని మళ్ళీ చూడ్డానికి 15 ఏళ్ళ పైనే పట్టింది. నేను అన్నాళ్ళు ఆగలేదు, 2013లో విసుగొచ్చి అమ్మేశా. ఎంత పోయిందో ఇంట్లో ఇప్పటికీ సగమే తెలుసు :)

2025 మొదట్లో ఊరెళ్ళాను. మిర్చి రేటు బాగా పడిపోయింది. ఆంధ్రా రైతుల కోసమైతే కేంద్రం మార్కెట్ ఇంటర్వెన్షన్ కింద క్వింటాలుకి 11,781 రూపాయలని లెక్క కట్టింది. మా చిన్నాయన పోయిన సంవత్సరాల రేటు చూసి మిర్చే వేశాడు. "ఊరంత అదే ఏసినం బిడ్డా. నడిమిట్ల తెలిసినా ఏం జేస్తం, చేను పీకేస్తమా?" అన్నాడు.

నిజమే, ఆయన పీకెయ్యలేడు. విత్తనం, మందులు, కూలీలు అన్నిటి ఖర్చూ అప్పటికే మట్టిలో కలిసిపోయింది. కానీ నాకేమయింది? నా ఫండ్ అమ్మడానికి రెండు క్లిక్కులు చాలు. అయినా అయిదేళ్ళు అది చేలో పాతుకుపోయిన పంటన్నట్టు కూర్చున్నాను. సెక్టార్ ఫండ్‌కి రూలు కావాలని నేననేది ఇందుకే. ఏది కొనాలో చెప్పడానికి కాదు. కొనమని చెప్పడానికి టీవీ ఉంది, వాట్సాప్ ఉంది, బావమరిది ఉన్నాడు. అమ్మమని చెప్పేవాడే ఎవడూ ఉండడు.

నా రూలు చాలా సాదా. నెలకి ఒక్కసారి, ఆఖరి రోజున చూస్తాను. ఒక సెక్టార్ సూచీ తన 10 నెలల సగటు కన్నా పైన ఉంటేనే లిస్టులో ఉంటుంది. లిస్టులో ఉన్నవాటిలో గత 6 నెలల్లో ఎక్కువ పెరిగిన రెండిట్లో డబ్బు. ఏదీ సగటు పైన లేకపోతే మొత్తం లిక్విడ్ ఫండ్‌లోకి. మధ్యలో బడ్జెట్ వచ్చినా, ఎలక్షన్ వచ్చినా షీట్ తెరవను. ఇదేం నేను కనిపెట్టింది కాదు. గత కొన్ని నెలల్లో పెరిగిన షేర్లు ఆ తర్వాత కొన్నాళ్ళు కూడా మిగతావాటి కన్నా బాగా చేస్తాయని జగదీశ్, టిట్మన్ 1993లో చూపించారు. ఇందులో పెద్ద వాటా పరిశ్రమలదేనని మాస్కోవిట్జ్, గ్రిన్‌బ్లాట్ 1999లో అన్నారు. 10 నెలల సగటుకి ప్రచారం తెచ్చింది మెబ్ ఫేబర్, 2007లో.

సరే, పనిచేస్తుందా? నిఫ్టీ నెలాఖరు అంకెలు తీసుకుని ఎవరైనా ఎక్సెల్‌లో చూసుకోవచ్చు. 2008 మార్చి ఆఖర్న, 4,734 దగ్గర రూలు బయటికి పొమ్మంటుంది. 2009 ఏప్రిల్ ఆఖర్న, 3,474 దగ్గర మళ్ళీ రమ్మంటుంది. నాలుగో వంతుకి పైగా తక్కువలో కొన్నట్టు. పైగా ఎలక్షన్ ఫలితాలొచ్చాక మే 18న సెన్సెక్స్ ఒక్కరోజులో 17 శాతం ఎగిరింది కదా, దానికి ముందే లోపల ఉంటాం. నాకప్పుడు ఈ రూలు తెలిసుంటే!

ఇక్కడితో ఆపేస్తే నేనూ జెండా పాట పాడినట్టే. 2019 చూడండి. జూలై ఆఖర్న 11,118 దగ్గర బయటికి, సెప్టెంబర్ ఆఖర్న 11,474 దగ్గర లోపలికి. ఊరికే 3 శాతం కోత. 2020 ఫిబ్రవరి ఆఖర్న 11,201 దగ్గర మళ్ళీ బయటికి. కరోనా వచ్చింది, మార్చి ఆఖరుకి 8,597కి పడింది, మనం కాలర్ ఎగరేశాం. తీరా రూలు లోపలికి రమ్మంది జూలై ఆఖర్న, 11,073 దగ్గర! అంత భూకంపం తప్పించుకుని మిగిలింది ఒక్క శాతం. ఆ మధ్యలో నిద్ర పట్టింది, అదొక్కటీ లాభం. ఇలాంటి చోటే సెక్టార్ వారీగా చూడటం కలిసొస్తుంది. నిఫ్టీ ఇంకా సగటు కింద ఉండగానే 2020 ఏప్రిల్ ఆఖరుకి ఫార్మా పైకొచ్చేసింది. ఆ ఏడాది ఫార్మా సూచీ దాదాపు 60 శాతం పెరిగింది. అదే ఫార్మా అంతకు ముందు అయిదేళ్ళు, 2015 నుంచి, జనాన్ని ఏడిపించింది.

ఇక టాక్స్. 2024 జూలై 23 నుంచి, ఏడాది లోపు అమ్మితే లాభంలో 20 శాతం కట్టాలి. ఏడాది దాటితే లక్షా పాతికవేల పైన లాభానికి 12.5 శాతమే. నెలనెలా తిరిగే రూలులో చాలా లాభాలు 20 శాతం కిందికే వస్తాయి, కొన్ని ఫండ్లకి పైన ఎగ్జిట్ లోడ్ కూడా. యూట్యూబ్‌లో బ్యాక్‌టెస్ట్ చూపించే మహానుభావులు ఈ రెండూ తీసెయ్యకుండా చూపిస్తారు. తీసేశాక మామూలు ఇండెక్స్ ఫండ్‌ని ఎప్పుడూ గెలుస్తుందని నేననను. అందుకే నా మొత్తం పెట్టుబడిలో పదో వంతే ఇందులో ఉంది.

అన్నిటికన్నా ముఖ్యమైన మాట మన ఐటీవాళ్ళకి. నా లిస్టులో ఐటీ సెక్టార్ లేదు, సిగ్నల్ ఎంత బాగున్నా కొనను. 2021లో నిఫ్టీ ఐటీ దాదాపు 60 శాతం పెరిగింది, నాకు తెలిసిన వాళ్ళంతా ఐటీ ఫండ్లు కొన్నారు. 2022లో 26 శాతం పడింది. ఆ ఏడాది చివరికి లేఆఫ్ ఈమెయిళ్ళు మొదలయ్యాయి. జీతం ఐటీ, కంపెనీ షేర్లు ఐటీ, హైదరాబాద్ ఫ్లాట్ ధర ఐటీ మీదే, పైన ఐటీ ఫండ్ కూడా! 2009 జనవరి 7న సత్యం రామలింగరాజు ఉత్తరం బయటపడ్డ రోజు ఆ షేరు ఒక్కరోజులో 70 శాతానికి పైగా కూలింది. జీతమూ, షేర్లూ రెండూ అక్కడే ఉన్నవాళ్ళు మనలో చాలామందికి తెలుసు. సెక్టార్ ఫండ్ ఒక్క కంపెనీ మోసాన్ని తట్టుకుంటుంది గానీ, మొత్తం ఐటీకే గడ్డుకాలం వస్తే జీతంతో పాటే పడుతుంది.

దీనికి మా టీమ్‌లో ఒకబ్బాయి ఒప్పుకోడు. పడేముందు రూలే బయటికి పంపుతుంది కదన్నా, ఇంక భయమెందుకు అంటాడు. పంపుతుంది, నెలాఖరుకి. ఆ నెల మధ్యలో నీ ఉద్యోగం పోతే నువ్వు ఈఎంఐ కోసం అమ్ముతావు, రూలు కోసం కాదు అన్నాను. ఇంకా వాదన తెగలేదు. మీలో ఎవరైనా ఐటీని కలిపీ, తీసేసీ రెండు రకాలుగా లెక్క వేసి చూసి ఉంటే చెప్పండి. టాక్స్ పోగా మిగిలిందే చెప్పండి సుమా.