కుళాయి వచ్చింది, నడిపే చేతికి శిక్షణ ఏదీ?

జల్ జీవన్ మిషన్ గడువును 2028 వరకు పొడిగిస్తున్నట్లు కేంద్ర ఆర్థిక మంత్రి నిర్మలా సీతారామన్ 2025 ఫిబ్రవరి 1న తన బడ్జెట్ ప్రసంగంలో ప్రకటించారు. ఇకమీదట కట్టడాల నాణ్యతపైన, గ్రామీణ మంచినీటి పథకాల నిర్వహణపైన దృష్టి నిలుపుతామని అదే ప్రసంగంలో పేర్కొన్నారు. 2019 ఆగస్టు 15న ఈ మిషన్ ప్రారంభమైననాడు దేశంలో కుళాయి ఉన్న గ్రామీణ గృహాలు 3.23 కోట్లు మాత్రమే. నేడు ఆ సంఖ్య 15 కోట్లు దాటింది. ఇది సామాన్యమైన విజయం కాదు. అయితే ఆ కుళాయిల్లోకి ప్రతిదినం నీటిని వదిలే వ్యక్తి ఎవరు, అతనికి ఏమి నేర్పారు అన్న ప్రశ్న ఇంతకాలం వెనుక వరుసలోనే ఉండిపోయింది.

ఛత్తీస్‌గఢ్‌లోని భిలాయి ఉక్కు పట్టణంలో నిలబడి చూస్తే ఈ లోటు మరింత స్పష్టమవుతుంది. సోవియట్ యూనియన్‌తో 1955లో కుదిరిన ఒప్పందం ఫలితంగా వెలసిన ఈ కర్మాగారానికి, దానిని ఆనుకొని ఉన్న టౌన్‌షిప్‌కు తాందుల, గంగ్రేల్ జలాశయాల నీరు మరోడా చెరువుల మీదుగా చేరుతుంది. అక్కడ పంపు నడిపేది ఒకరు, మోటారు చూసేది మరొకరు, గొట్టం బిగించే ఫిట్టరు వేరు, నీటిని పరీక్షించే కెమిస్టు వేరు. షిఫ్టు మారేటప్పుడు లాగ్‌బుక్ చేతులు మారుతుంది. పట్టణం దాటి ధమ్‌ధా, పాటన్ వైపు పల్లెల్లోకి వెళితే ఒక బోరు, ఒక ఓవర్‌హెడ్ ట్యాంకు, వాటికి ఒకే ఒక ఆపరేటరు. పట్టణంలో నలుగురు నిపుణులు పంచుకునే పని పల్లెలో ఆ ఒక్కడి మీదనే పడుతుంది. చాలా చోట్ల కాంట్రాక్టరు పని ముగించుకొని పోతూ స్టార్టరు నొక్కడం, వాల్వు తిప్పడం చూపిస్తాడు. శిక్షణ అంతటితో సరి.

పంపుహౌస్ అంటే ఏమిటో భిలాయికి ఎవరూ చెప్పనక్కరలేదు. 2014 జూన్ 12న కర్మాగారంలోని రెండో నంబరు పంపుహౌస్ వద్ద నీటి గొట్టం దెబ్బతిని పీడనం పడిపోయింది. బ్లాస్ట్ ఫర్నేసు వాయువును శుద్ధి చేసే విభాగానికి నీరు తగ్గడంతో, కార్బన్ మోనాక్సైడ్‌తో నిండిన ఆ వాయువు నీటి గొట్టాల గుండానే వెనక్కి తన్నుకొచ్చింది. ఇద్దరు డిప్యూటీ జనరల్ మేనేజర్లు సహా ఆరుగురు మరణించారు. సుశిక్షితులు ఉన్నచోటే ఇంత అనర్థం జరిగింది. గొట్టంలో పీడనం తగ్గితే అక్కడికి రాకూడనిది వచ్చి చేరుతుందన్న సత్యం ఉక్కు కర్మాగారానికే పరిమితం కాదు.

పల్లెలో ఇదే సూత్రం మరోలా పనిచేస్తుంది. నీరు రోజుకు గంటో, రెండు గంటలో వస్తుంది. మిగిలిన వేళ గొట్టాలు ఖాళీగా ఉంటాయి. కొందరు ఇళ్లలో కుళాయికే మోటారు తగిలించి లాగుతారు. అప్పుడు గొట్టంలో ఏర్పడే శూన్యం, కీలు వదులైన చోట పక్కనున్న మురుగుకాలువ నీటిని లోపలికి పీల్చుకుంటుంది. పైకి నీరు తేటగానే కనిపిస్తుంది. ఈ సంగతి తెలిసిన ఆపరేటరు మురుగుకాలువలో మునిగిన కనెక్షన్‌ను చూడగానే ప్రమాదాన్ని పసిగడతాడు. తెలియనివాడు లీకేజీ చిన్నదే కదా అని ఊరుకుంటాడు.

క్లోరిన్ విషయమూ ఇంతే. యాభై వేల లీటర్ల ట్యాంకులో లీటరుకు 2 మిల్లీగ్రాముల మోతాదు కలపాలంటే 100 గ్రాముల క్లోరిన్ కావాలి. కొత్త బ్లీచింగ్ పౌడర్‌లో దాదాపు మూడో వంతు క్లోరిన్ ఉంటుంది గనుక 300 గ్రాములు చాలు. మూతి విప్పి తేమ తగిలేలా నెలల తరబడి వదిలేసిన బస్తాలో ఆ శక్తి సగానికి పడిపోయి ఉండవచ్చు. అప్పుడు అదే 300 గ్రాములు వేస్తే లెక్కకు వేసినట్టే గాని క్రిములకు చేరినట్టు కాదు. పొడిని బకెట్‌లో కలిపి, సున్నం అడుగున పేరుకున్నాక పైతేటను ట్యాంకులో పోయాలి. కనీసం అరగంట ఆగాలి. ఊరి చివరి కుళాయి వద్ద లీటరుకు 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉందో లేదో క్లోరోస్కోప్‌తో చూడాలి. హోటల్ హాలులో తెరమీద బొమ్మలు చూపితే ఇది పట్టుబడదు. ట్యాంకు దగ్గరే, ఆపరేటరు చేతనే, ఛత్తీస్‌గఢీలో మాట్లాడుతూ చేయించాలి.

తన చేతిలోని మందు దేనికి పనికిరాదో తెలియడం కూడా శిక్షణలో భాగమే. రాజనాందగావ్ దాటి అంబాగఢ్ చౌకీ ప్రాంతంలో భూగర్భ జలాల్లో ఆర్సెనిక్ ఉన్నట్లు 1990ల చివరలోనే వెల్లడైంది. క్లోరిన్ దానిని తొలగించలేదు, కాచినా పోదు. జల్ జీవన్ మిషన్ కింద ఊరికి ఐదుగురు మహిళలకు క్షేత్రస్థాయి కిట్లతో నీటి పరీక్ష నేర్పుతున్నారు. మంచి ఏర్పాటే. కానీ ఆమె కిట్‌లో కనిపించిన రంగు ఆపరేటరుకు, సర్పంచికి ఎంత వేగంగా చేరాలి, చేరాక ఏ బోరు ఆపాలి అన్నది నేర్పకపోతే ఆ పరీక్ష రిజిస్టరులోనే ఆగిపోతుంది.

ఇక్కడే నిర్వాహకుల ప్రస్తావన వస్తుంది. ఆపరేటరుపై అజమాయిషీ గ్రామ పంచాయతీది, పానీ సమితిది. పదిహేనో ఆర్థిక సంఘం పంచాయతీల గ్రాంట్లలో 60 శాతాన్ని తాగునీరు, పారిశుద్ధ్యాలకే కేటాయించింది. విద్యుత్ బిల్లు, ఆపరేటరు వేతనం, బ్లీచింగ్ కొనుగోలు, ఇంటింటి నీటి రుసుము అన్నీ సమితి నిర్ణయాలే. ఛత్తీస్‌గఢ్‌లో 2025 ఫిబ్రవరిలో పంచాయతీ ఎన్నికలు జరిగాయి. ఐదేళ్లకోసారి సర్పంచి మారితే, అంతకుముందు ఆయన పొందిన శిక్షణ ఆయనతోనే ఇంటికి వెళ్లిపోతుంది. మూడు నెలలు జీతం అందని ఆపరేటరుకు ఎన్ని పాఠాలు చెప్పినా ఫలం ఉండదని వేరుగా చెప్పాలా?

కెనడాలోని ఒంటారియో రాష్ట్రానికి చెందిన వాకర్టన్ ఉదంతం ఈ రెండో లోపాన్నే చూపుతుంది. సుమారు 4,800 జనాభా ఉన్న ఆ చిన్న పట్టణంలో 2000 మే నెలలో భారీ వర్షాలకు పశువుల పేడ బావిలోకి చేరి ఏడుగురు మరణించారు. 2,300 మందికి పైగా అస్వస్థులయ్యారు. నీటి విభాగాన్ని నడిపినవారికి పరీక్ష లేకుండా, కేవలం అనుభవం ప్రాతిపదికన ధ్రువపత్రాలు వచ్చాయి. క్లోరిన్ కొలవకుండానే రిజిస్టరులో అంకెలు వేసేవారు. లోపాలను ఎత్తిచూపిన 1998 నాటి తనిఖీ నివేదిక పాలకమండలి ముందుకు వచ్చినా, సభ్యులు మేనేజరు మాట నమ్మి మిన్నకున్నారు. న్యాయమూర్తి ఓకానర్ విచారణ తరువాత 2004లో అదే ఊరిలో ఆపరేటర్ల శిక్షణ కేంద్రం నెలకొల్పారు.

మనకు అంత దూరం పోనక్కరలేదు. ఉత్తరాంధ్ర నుంచి వచ్చి భిలాయిలో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు విజయనగరం జిల్లా గుర్ల పేరు తెలిసినదే. 2024 అక్టోబరులో అక్కడ ప్రబలిన అతిసారం పలువురిని బలిగొన్నది. ఉప ముఖ్యమంత్రి పవన్ కల్యాణ్ స్వయంగా వెళ్లి బాధితులను పరామర్శించారు. తాగునీటి కాలుష్యమే ఆనాటి చర్చకు కేంద్రమైంది.

కేంద్రం రూపొందించిన నల్ జల్ మిత్ర కార్యక్రమం ప్లంబింగ్, విద్యుత్, పంపు మరమ్మతులను ఒకే వ్యక్తికి నేర్పాలని సంకల్పించింది. పల్లె వాస్తవానికి తగిన ఆలోచన ఇది. దానికి గురువులు కావాలి. భిలాయిలో ఏటా ఎందరో ఫిట్టర్లు, ఎలక్ట్రీషియన్లు, పంపుహౌస్ ఉద్యోగులు పదవీ విరమణ చేస్తున్నారు. 2016లో మొదలైన ఐఐటీ ఇప్పుడు కుటేలాభాటాలో సొంత ప్రాంగణంలో ఉంది. విశ్రాంత ఉద్యోగులను పది, పదిహేను ఊళ్లకు ఒకరి చొప్పున నియమించి, నెలకోసారి ప్రతి ట్యాంకు వద్దకూ పంపడం ప్రజారోగ్య ఇంజనీరింగ్ శాఖకు మోయలేని భారమేమీ కాదు. అమెరికా గ్రామాల్లో ఇటువంటి సంచార నిపుణులు దశాబ్దాలుగా తిరుగుతున్నారు. ఆపరేటరు పక్కన నిలబడి క్లోరిన్ కొలిచి చూపడంతోపాటు, అదే రోజున పానీ సమితిని కూర్చోబెట్టి రిజిస్టరు చదివించడం కూడా వారి పనిగా ఉండాలి. ఈ పనికి వర్షాకాలం కంటే ముందరి నెలలే అనువైనవి. తొలి వానలకు బోరు చుట్టూ నీరు నిలిచాక ఆపరేటరుకు నేర్చుకునే తీరిక ఉండదు.